కారులో వినబడు పాట

కడచిన సంవత్సరము పాటల పోటీకై మన విద్యార్థులను నలుగురిని నా కారులో నెక్కించుకొని, చౌడేపల్లె నుండి పుంగనూరు మీదుగా మదనపల్లెకు పోవుచుంటిని. కారు ముందుభాగమున స్టీరియో కలదు. వ్రేలిగోరు కంటె కొంచెము పెద్దదగు పెన్‌డ్రైవు నొకదానిని దానికి తగిలింపగా పాట మొదలైనది. వెనుక కూర్చున్న ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, "అయ్యా, ఇందులో ఎన్ని పాటలున్నవి?" అని యడిగెను. "సుమారు రెండువేలు" అంటిని. "మా తాతగారి యింట నున్న క్యాసెట్టులో పదిపాటలే యున్నవి. ఇంత చిన్నదానిలో రెండువేలెట్లు పట్టినవి?" అని మరల నడిగెను.

"పాటలను కుదించి పెట్టినారమ్మా" అని మాత్రము చెప్పి యూరకుంటిని. ఎదుట టమోటా లారీ యొకటి త్రోవ నీయకుండెను. నా దృష్టియంతయు దానిపై నుండెను. కాని ఆ యుత్తరము చాలదు. కుదించుట యననేమి? కుదించునపుడు పోవునదేమి? పోయినది మరల వచ్చునా? ఈ మూడింటికిని జవాబు చెప్పువఱకు ఆ బాలికకు నేను బాకీ పడినట్లే. ఆ బాకీ తీర్చుటకే యీ వ్యాసము. మూడవ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకముల వలన గాక నా తప్పు వలన తెలిసినది. దానిని గూడ దాచక చెప్పెదను.

శబ్ద మనునది గాలి కంపనము. తంబుర తీగను మీటినచో అది ఇటునటు ఊగుచు, చుట్టునున్న గాలిని నెట్టుచు లాగుచు నుండును. ఆ యొత్తిడి మన చెవిలోని పొరకు తగిలినపుడు వినికిడి కలుగును. సెకండునకు సుమారు 20 మొదలు 20,000 వఱకు గల కంపనములను మనుష్యుని చెవి వినగలదు. వయస్సు ముదిరినకొలది పైహద్దు తగ్గుచుండును. మీకు వినబడు కొన్ని సన్నని చప్పుళ్లు మీ తాతగారికి వినబడకపోవుట ఇందువలననే.

పూర్వము గ్రామఫోను ప్లేటుపై నీ కంపనమును గీతగా చెక్కెడివారు. క్యాసెట్టు నాడాపై నది అయస్కాంతపు గుర్తుగా నిలిచెడిది. అంకెలలో దాచు పద్ధతి వేఱు. ఇందు గాలి యొత్తిడిని సెకండునకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాయుదురు. 44,100 ఏల? ఒక కంపనమును సరిగా పట్టుకొనవలెనన్న, అది సెకండునకు ఎన్నిమారులు ఊగునో దానికి రెట్టింపునకు మించి కొలువవలెను. చెవి పైహద్దు 20,000. దానికి రెట్టింపు 40,000. మీద కొంత వెసులుబాటు. ప్రతి కొలతకును 16 బిట్లు, అనగా 65,536 మెట్లు గల కొలబద్ద. కుడి చెవి కొకటి, ఎడమ చెవి కొకటి చొప్పున రెండు వరుసలు. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందింపగా 1982 లో అంగళ్లకు వచ్చిన సి.డి. ఈ లెక్కనే పాటించినది.

గణితము వచ్చిన పిల్లలు కాగితముపై వేసి చూడుడు. 44,100 ను 16 చేతను, వచ్చినదానిని 2 చేతను గుణింపగా 14,11,200 బిట్లు. ఇది యొక్క సెకండునకు. అయిదు నిమిషముల పాటకు 300 సెకండ్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున ఆ పాటకు 5,29,20,000 బైట్లు, అనగా సుమారు 53 మెగాబైట్లు కావలయును. అదే పాటను సెకండునకు 1,28,000 బిట్ల లెక్కన ఎం.పి.3 ఫైలుగా మార్చినచో 48,00,000 బైట్లే చాలును. పదునొకండు పాళ్లలో పదిపాళ్లు పోయి ఒకపాలు మిగిలినదన్నమాట. అయినను వినువానికి పాట పాటవలెనే యున్నది. పదిపాళ్లు ఎక్కడికి పోయినవి?

కుదించుట రెండు విధములు. పంచెను మడిచి పెట్టెలో పెట్టినచో స్థలము కలిసివచ్చును. విప్పినచో పంచె మొదటివలెనే యుండును, నూలుపోగైనను తగ్గదు. మదనపల్లె సంతలో కొన్న టమోటాలను పిండి, తొక్కను గింజలను పాఱవేసి, రసమును సీసాలో పోసినచో అదియు స్థలము తగ్గించుటయే. కాని ఆ రసము నుండి టమోటాను మరల చేయువా డెవ్వడును లేడు. ఎం.పి.3 ముఖ్యముగా ఈ రెండవ తెగకు చెందినది. అయితే అందు పాఱవేయు తొక్కలు గింజలు ఏవో నిర్ణయించుటలోనే దాని నేర్పంతయు నున్నది.

ఆ నేర్పునకు మూలము మన చెవియొక్క ఒక బలహీనత. మదనపల్లె సమీపమున క్షయరోగ చికిత్సకు పేరు వడసిన ఆరోగ్యవరమును మీరెఱుగుదురు. ఊపిరితిత్తుల రోగములు చూచు వైద్యుడెవరైనను, రోగి రొమ్మున స్టెతస్కోపు పెట్టి వినునపుడు గదిలోని వారిని మాటలాడవలదని సైగ చేయును. మాటలు ఊపిరి చప్పుడును ఆపివేయవు. అది యక్కడనే యుండును. అయినను పెద్ద చప్పుడు చిన్న చప్పుడును చెవికి అందనీయదు. దీనిని మఱుగుపాటు అందము. రెండు స్వరములు దగ్గఱవైన కొలది ఈ మఱుగు హెచ్చు. నాదస్వరము గట్టిగా మ్రోగుచుండగా ప్రక్కనే అదే స్థాయిలో మెల్లగా పలుకు శ్రుతిపెట్టె వినబడదు. అంతకంటె చాల పై స్వరమున పలుకు తాళపు టింగుమను ధ్వని మాత్రము వినబడును. తక్కువ స్వరము తనకంటె పై స్వరమును కప్పినంతగా, పై స్వరము క్రిందిదానిని కప్పజాలదు.

కాలమును బట్టియు మఱుగుపాటు కలదు. డోలుపై గట్టి దెబ్బ పడినపిదప సెకండులో పదియవ వంతు పాటి కాలము మెల్లని చప్పుళ్లు చెవి కందవు. విచిత్రమేమనగా, దెబ్బకు కొంచెము ముందుగా, సెకండులో నూఱవ వంతు పాటి కాలములో వచ్చిన చిన్న చప్పుడును గూడ ఆ దెబ్బ మ్రింగివేయును.

ఇక కుదించు గణితము చేయు పని చూతము. అది పాటను 1,152 కొలతల చొప్పున ముక్కలు చేయును. ఒక ముక్క సెకండులో 38వ వంతు కంటెను కొంచెము తక్కువ. ఆ ముక్కను రెండు సగములు చేసి, ఒక్కొక్క సగములో ఏయే స్వరము ఎంత బలముగా నున్నదో 576 అరలుగా విడదీయును. ఏ అరలోని శబ్దము ప్రక్కదాని వలన మఱుగుపడునో లెక్కించి, అట్టిదానిని మోటుగా కొలుచును. కొన్నింటిని విడిచియే పెట్టును. మోటుగా కొలిచినందువలన పుట్టిన రొద గూడ పెద్ద శబ్దము చాటున దాగును. తుదకు తఱచుగా వచ్చు అంకెలకు పొట్టి గుర్తులు, అరుదుగా వచ్చువానికి పొడుగు గుర్తులు ఇచ్చు హఫ్‌మన్ పద్ధతిచే మఱికొంత కుదించును. ఈ కడపటి పని మాత్రము పంచె మడిచినట్టిది. దానివలన నష్టము లేదు.

కోలాటపు కఱ్ఱల వంటి చుఱుకైన చప్పుళ్ల వద్ద ఈ గణితము కొంచెము తడబడును. కఱ్ఱ తగులుటకు ముందున్న నిశ్శబ్దమును, తగిలిన చప్పుడును ఒకే ముక్కలో పడినచో, మోటుకొలత వలని రొద ముక్క యంతటను పఱచుకొని, దెబ్బకు ముందే బుసమని వినబడును. అందుచేత అట్టి చోట్ల ముక్కలను మఱింత చిన్నవిగా కోయు ఏర్పాటు చేసిరి.

ఈ పనిలో ప్రధానముగా కృషి చేసినవారు జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన కార్ల్‌హైంట్స్ బ్రాండెన్‌బర్గును, ఆయన తోడివారును. ఇతర దేశముల పండితుల పనియు వచ్చి చేరగా 1992 లో నిది అంతర్జాతీయ ప్రమాణముగా కుదిరినది. ఫైలు పేరు చివర ఎం.పి.3 అని వ్రాయుటకు 1995 జూలై 14 న నిశ్చయించిరి. వారు తమ పద్ధతిని పరీక్షించుటకు తీసికొన్న పాటలలో అమెరికా గాయని సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' యొకటి. అందు వాద్యము లేవియు లేవు; ఒంటి గొంతు మాత్రమే. పెక్కు వాద్యముల సంగీతమును చక్కగా కుదించిన గణితము ఈ యొక్క గొంతు వద్ద ఓడిపోయినది. వాద్యములు పలు విధములుగా మ్రోగుచుండిన వాని చాటున తప్పులు దాగును. ఒంటి గొంతునకు చాటెక్కడిది? ఆ పాట సరిగా వినబడువఱకు వారు మరల మరల దిద్దుకొనవలసి వచ్చెను. ఈ మాట గుర్తుంచుకొనుడు. నా కథలో నిది మరల వచ్చును.

కారులోనికి ఈ ఫైళ్లు వచ్చుట అటుపిమ్మట. 1999 లో ఇంగ్లండునందలి ఎంపెగ్ సంస్థవారు కారు కొఱకే ఎం.పి.3 యంత్రము నొకదానిని అమ్మజొచ్చిరి. అది సామాన్యులకు అందునది కాదు. మన వైపున ముందు వచ్చినవి ఎం.పి.3 పాటల సి.డి.లు. 700 మెగాబైట్ల సి.డి.లో మామూలు పద్ధతిని 80 నిమిషముల సంగీతము పట్టును, ఎం.పి.3 గా నైనచో అయిదు నిమిషముల పాటలు నూట నలుబదికి పైగా పట్టును. కుప్పము నుండి బయలుదేఱు టాక్సీలలో తెలుగు, కన్నడ, తమిళ పాటలు మూడును ఒకే సి.డి.పై నుండుట నేను చూచితిని. పిదప పెన్‌డ్రైవు, ఆపై సెల్‌ఫోను వచ్చినవి. సెల్‌ఫోను నుండి తీగ లేకుండ బ్లూటూతు ద్వారా పంపునపుడు పాట సామాన్యముగా మరల నొకమారు కుదింపబడునని చాలమంది యెఱుగరు.

స్టీరియో చేయు పని సులభమే. పెన్‌డ్రైవులోని పట్టికను చదివి ఫైలును వెదకి, ఒక్కొక్క ముక్కను విప్పి, అంకెలను మరల విద్యుత్తుగా మార్చి, బలపఱచి స్పీకరునకు పంపును. చిక్కులన్నియు ఆ పట్టిక వద్దనే. పెక్కు స్టీరియోలు ఫ్యాట్32 అను పట్టికను మాత్రమే చదువగలవు. వేఱొక విధముగా సిద్ధపఱచిన పెన్‌డ్రైవును తగిలించినచో "పాటలు లేవు" అని చూపును. దానిని ఫ్యాట్32 గా మార్చునపుడు అందున్నదంతయు తుడిచిపోవును గనుక ముందుగా వేఱొకచోట నకలు తీసికొనవలెను. కొన్ని స్టీరియోలు పాటలను అకారాది క్రమమున గాక, మనము ఎక్కించిన వరుసలోనే పాడును. తెలుగు అక్షరములలో పేరు వ్రాసినచో కొన్ని యంత్రములు డబ్బాలను మాత్రమే చూపును. ఇది మనభాషకు గౌరవము గాకున్నను ప్రస్తుతమునకు ఓర్చుకొనవలసినదే. మన పిల్లలలో నొకడు వేఱొక రకపు ఫైలు పేరు చివర ఎం.పి.3 అని దిద్ది, "మార్చితిని, అయినను పాడలేదు" అని నా యొద్దకు వచ్చెను. సీసాపై చీటీ మార్చినంత మాత్రమున లోపలి రసము మాఱునా?

నడుపువారికొక్క మాట. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచు, పాట మార్చుటకై రెండు సెకండ్లు తల త్రిప్పినచో ఆ లోపల కారు 33 మీటర్లు గ్రుడ్డిగా పోవును. మొగిలి ఘాటులో 33 మీటర్లనగా ఒక మలుపు.

ఇప్పుడు నా తప్పు. మన పాఠశాలలో పూర్వము సంగీతము నేర్పిన ఉపాధ్యాయిని యొకరు, ఉద్యోగము విరమించుటకు ముందు తంబుర మాత్రము తోడుగా ఆఱు పాటలు పాడగా ఒక క్యాసెట్టులో నిలిపియుండిరి. ఆమె గతించిన కొన్నాళ్లకు ఆ క్యాసెట్టు నా చేతికి వచ్చినది. నాడా పాతబడుచున్నదని కంప్యూటరునకు ఎక్కించితిని. నా పెన్‌డ్రైవు అప్పటికే నిండియున్నది. చిన్నదిగా నున్న చాలునని తలచి, సెకండునకు 64,000 బిట్ల ఎం.పి.3 గా చేసి, కుదింపని ఫైలును తుడిచివేసితిని. మఱునాడు పుంగనూరు దారిలో కారు కిటికీలు దించుకొని వింటిని. చక్కగా నున్నది. తృప్తిపడి క్యాసెట్టును బీరువా మీద పడవేసితిని. రెండు వానకాలములు గడచెను. నాడాకు బూజుపట్టి, మరల త్రిప్పబోవ ముక్కలైనది.

తరువాత నొక వార్షికోత్సవమున ఆ ఫైలును హాలులో వినిపించితిమి. పిల్లలు, తల్లిదండ్రులు నిశ్శబ్దముగా కూర్చుండిరి. తంబుర నాదము నీళ్లలో మునిగి సుడులు తిరుగుచున్నట్లుండెను. స, శ, ష లు మొద్దువాఱెను. చరణము చివర గొంతు సన్నగిల్లి దారమువలె నిలువవలసిన చోట, దారము తునుకలు తునుకలుగా తెగిపడెను. ఆమె యొద్ద నేర్చుకొన్నవారు ముందు వరుసలో నుండిరి. వారిలో పెద్దామె యొకరు నన్ను చూచి, "అయ్యా, ఇది మా టీచరమ్మగారిని ఎవరో అనుకరించినట్లున్నది" అనిరి. నాకు మాట రాలేదు.

కారులో నాకేల తెలియలేదు? వేగముగా పోవు కారులో చక్రములు, గాలి, ఇంజను కలిసి చేయు రొద తఱచు 65 మొదలు 70 డెసిబెల్ల వఱకు నుండును; నిశ్శబ్దమైన గదిలో 30 ప్రాంతము. కుదింపు చేసిన మోటుపని యంతయు ఆ రొద చాటున దాగినది. పైని చెప్పిన మఱుగుపాటే, గణితమునకు పనికివచ్చినట్లు, నన్ను ఏమరించుటకును పనికివచ్చినది. కారులో విని పాట మేలుకీడులు నిర్ణయించుట సంతలో నిలుచుండి గుసగుసలు వినబోవుట వంటిది. పైగా అది ఒంటి గొంతు, చాటు లేనిది. దానికి తోడు పాత నాడాలోని బుసబుస. రొదకు క్రమము లేదు. క్రమము లేనిదానిని కుదించుట మిక్కిలి కష్టము. అసలే కొద్దియైన బిట్లలో చాలభాగము ఆ బుసకే వ్యయమై గొంతునకు తక్కువ మిగిలినవి. అంత తక్కువ లెక్కలో, సెకండునకు 11,000 ప్రాంతమునకు పైబడిన కంపనములను కుదించు సాధనము తఱచు మొత్తముగా విడిచిపెట్టును గూడ.

ఒక మిత్రుడు, "దానిని 3,20,000 లెక్కకు మార్చుము, బాగుపడును" అనెను. మార్చితిని. ఫైలు అయిదింతలైనది, పాట ఎట్లున్నది అట్లే యున్నది. సీసాను పెద్దది చేసినంత మాత్రమున తొక్కలు గింజలు తిరిగి రావు గదా. పైగా కుదించినదానిని మరల కుదించిన ప్రతిమారును ఇంకను కొంత నష్టము చేరును.

పోటీకి పోయిన ఆ దినముననే, మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల ముందుగా పోవుచు పిల్లలకొక సంగతి చెప్పితిని. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి వచ్చి విడిసెను. జేమ్స్ కజిన్సు అప్పుడు కళాశాలకు అధ్యక్షుడు. ఠాకూరు 'జనగణమన' గేయమును పాడి వినిపింపగా, పాశ్చాత్య సంగీతము నేర్చిన కజిన్సు భార్య మార్గరెట్ దాని బాణీని స్వరలిపిలో వ్రాసెను. ఆ గేయమును ఠాకూరు తానే ఆంగ్లమునకు మార్చినదియు అచ్చటనే. స్వరలిపియు ఒక విధమైన కుదింపే యని నా యభిప్రాయము. స్వరముల హెచ్చుతగ్గులు, వాని కాలము కాగితముపై నిలిచినవి. ఆ నాటి గొంతు, ఊపిరి తీయుట, గదిలోని ప్రతిధ్వని నిలువలేదు. కాని ఏది నిలుపవలెనో ఏది విడువవలెనో నిర్ణయించినది సంగీతము తెలిసిన యొక మనుష్యురాలు. అందువలన ఆ కాగితమును చూచి ఎవరైనను మరల పాడవచ్చును. ఎం.పి.3 గణితమునకు చెవిని గూర్చి తెలియును గాని పాటను గూర్చి తెలియదు. చరణాంతమున సన్నగిల్లు గొంతే ఆ పాటకు ప్రాణమని దానికెవరు చెప్పుదురు?

ఎం.పి.3 ను నిందించుట నా యుద్దేశము గాదు. పుంగనూరు దారిలో వినుటకు అది చాలును. 1,92,000 లెక్కన చేసికొన్నచో చాలుటకు మించియు నుండును. ఆ లెక్కన అయిదు నిమిషముల పాట 72,00,000 బైట్లు. పదునాఱు గిగాబైట్ల పెన్‌డ్రైవున అట్టివి రెండువేల రెండువందలకు పైగా పట్టును; నేనా బాలికకు చెప్పిన లెక్క ఇదియే. స్థలము అరుదుగా నుండిన దినములలో పాటలను నలిపి కుక్కుటకు కారణముండెను, ఇప్పుడు లేదు. తప్పెక్కడ ననగా, కారునకు తీసికొనిపోవు నకలును ఇంటనుంచవలసిన మాతృకయని నేను భ్రమపడుట. తాతగారి మాటలో, అమ్మ జోలపాటలో మీ యింట క్యాసెట్టుపై నున్నచో, ముందు కుదింపక వేవ్ ఫైలుగా ఎక్కించి రెండుచోట్ల దాచుడు. స్థలము తగ్గవలెనన్న ఫ్లాక్ అను పద్ధతి 2001 నుండి వాడుకలో నున్నది. అది పంచె మడిచినట్టిది, తిరిగి విప్పినచో బిట్టైనను తగ్గదు. కారునకు వలయు ఎం.పి.3 ను ఆ మాతృక నుండి ఎప్పుడైనను చేసికొనవచ్చును.

వార్షికోత్సవమునకు వచ్చిన పూర్వవిద్యార్థిని యొకరు కుప్పము నుండి నాకు జాబు వ్రాసిరి. ఆ ఆఱు పాటలలో మొదటి రెండు తమ యొద్ద నున్న క్యాసెట్టు చివర కలవని తెలిపి, దానిని స్వయముగా తెచ్చి యిచ్చిరి. మిగిలిన నాలుగింటికి నా ఫైలే గతి. ఆ రెండింటిని ఈమారు కుదింపక ఎక్కించితిమి. అవియు, నేను చెడగొట్టిన నకళ్లును పాఠశాల గ్రంథాలయమునందలి కంప్యూటరులో నున్నవి. శనివారము మధ్యాహ్నము చెవులకు పెట్టుకొను హెడ్‌ఫోనులు అడిగి తీసికొని, రెండవ పాట చివర గొంతు ఆగి తంబుర మాత్రము వినబడుచోట రెంటిని పోల్చి వినుడు.